పులసలో ముల్లు: సుఖాన్ని తూచుకుని తినే పద్ధతి

గోదావరి డెల్టాలో సుఖం మీద ఉన్న తత్వమంతా ఒక్క సామెతలో ఇమిడిపోయింది: పుస్తెలమ్మైనా పులస తినాలి. వినడానికి సరదాగా ఉన్నా అందులో గట్టి వాదనే ఉంది. సుఖానికి ఎంత ధరైనా పెట్టొచ్చు అంటోందది. ఇదే మాట సంస్కృతంలో, ఈ లోకపు సుఖమే సుఖమన్న పాతకాలపు నాస్తికులు చార్వాకుల పేరు మీద "అప్పు చేసైనా నెయ్యి తాగు" అని తిరుగుతోంది. అదే ఊళ్లో, ఒక్కోసారి అదే ఇంట్లో, "జిహ్వ చాపల్యం కొంపలు ముంచుతుంది" అనే పెద్దాయన కూడా ఉంటాడు. పులస ముక్క పళ్లెంలో పడ్డాక మాత్రం ఆయనా మాట్లాడడు. తలొంచుకుని ముళ్లు తీసుకుంటూ ఉంటాడు.

చార్వాకుల మాటలు మనకు ఎక్కువగా వాళ్లని ఖండించినవాళ్ల పుస్తకాల్లోంచే దొరుకుతాయి. 14వ శతాబ్దంలో మాధవాచార్యుడు సర్వదర్శన సంగ్రహంలో వాళ్ల వాదం చెబుతూ రాసిన పోలికలు చూస్తే, ఎవరో కోనసీమ మనిషి చెప్పినట్టే ఉంటాయి. చేప కావాలన్నవాడు పొలుసుతో, ముల్లుతో సహా తెచ్చుకుంటాడు, తినగలిగింది తిని మిగతాది వదిలేస్తాడు. ధాన్యం కావాలన్నవాడు గడ్డితో సహా కోసుకొస్తాడు. లేళ్లు మేస్తాయని వరి చల్లడం ఎవరూ మానుకోరు. దుఃఖం కలిసి ఉందని సుఖాన్నే పారేయొద్దన్నది వాళ్ల వాదం. బాగుంది. కానీ ముల్లు ఎలా తీయాలో ఆ పోలికలో లేదు. ఇక్కడ చెప్పబోయేది ఆ పనే. దీనికి పధ్నాలుగు రోజులు, ఒక చిన్న నోటు పుస్తకం, ఒక పెన్సిలు కావాలి.

ముందు కోరికనీ రుచినీ విడదీయండి

సుఖం లెక్కలో అందరూ చేసే తప్పు ఒకటుంది. ఒక వస్తువు మీద మనసు ఎంత లాగితే, అది అంత సుఖం ఇస్తుందనుకుంటాం. ఈ రెండూ వేరు. మెదడులో వీటిని నడిపించే ఏర్పాట్లు కూడా వేరు. అమెరికా శాస్త్రవేత్త కెంట్ బెరిడ్జ్ ఈ సంగతి ఎలుకల మీద పరీక్షించాడు. మెదడులో కోరికని రేపే డోపమిన్ అనే రసాయనం దాదాపు లేకుండా చేసిన ఎలుకలు తిండి ఎదురుగా ఉన్నా దాని జోలికి పోలేదు. అదే ఎలుకల నాలుక మీద తీపి చుక్క వేస్తే మాత్రం, మామూలు ఎలుకల్లాగే ఇష్టంగా చప్పరించాయి. రుచి అలాగే ఉంది, లాగుడు పోయింది. మన బతుకుల్లో ఎక్కువగా జరిగేది దీనికి తిరగబడ్డ వ్యవహారం: రుచి ఎప్పుడో పోయింది, లాగుడు మాత్రం అలాగే ఉంది. రాత్రి పదకొండు దాటాక ఫోనులో వేలితో తోస్తూ కూర్చునేది ఈ బాపతే.

అందుకే నోటు పుస్తకంలో ఒక అంకె సరిపోదు, మూడు కావాలి.

నోటు పుస్తకం రాసే తీరు

పేజీని ఐదు గళ్లుగా గీయండి: ఏమిటి, కోరిక, రుచి, మర్నాడు, ఎవరితో. అంకెలన్నీ సున్నా నుంచి పది లోపు. బాధ కలిగితే మైనస్ వేసుకోవచ్చు. ఫోనులో రాయకండి. అంకె వేద్దామని తెరిచిన ఫోను అరగంట దాకా చేతిలోంచి దిగదు.

అంకెలు వేయడానికి ముందు త్రాసుకి రాళ్లు కావాలి. రోజూ తాగే ఉదయం కాఫీని 5 అనుకోండి. మే నెలలో రాత్రంతా కరెంటు పోయి, తెల్లారగట్ల తిరిగొచ్చినప్పుడు ఒంటికి తగిలే ఫ్యాను గాలిని 8 అనుకోండి. మొదటి పేజీ పైన ఈ రెండూ రాసిపెట్టుకుని, ప్రతిదాన్నీ వాటి పక్కన పెట్టి చూడండి. ఈ రాళ్లు లేకపోతే మూడో రోజుకల్లా అన్నీ 8, 9 అయిపోతాయి. నచ్చిన మనిషి వండింది కాబట్టి 9, డబ్బు పెట్టాం కాబట్టి 9. అలాంటి పుస్తకం వల్ల ఉపయోగం లేదు.

కోరిక అంకె మొదటి ముద్దకి ముందే వేయాలి. తిన్నాక వేస్తే రుచి చూసి కోరికని దిద్దేస్తాం. రుచి అంకె పని అయిపోయిన పావుగంటలోపు వేయాలి, మధ్యలో వేయకూడదు. తింటూ లెక్క రాసేవాడికి తినడమూ రాదు, లెక్కా రాదు. మర్నాడు అంకె, అంటే దాన్ని తలుచుకుంటే ఇప్పుడెలా ఉందన్నది, పక్కరోజు పొద్దున్న, కాఫీకి ముందు వేయాలి. రోజుకి మూడు పద్దులకి తగ్గొద్దు, ఐదుకి మించొద్దు. జ్వరం వచ్చిన రోజుల్లో ఏదీ రుచించదు కాబట్టి ఆ పేజీ కొట్టేసి, ఒకరోజు పొడిగించండి.

పద్దులు ఎలా ఉంటాయో చూడండి:

మడతకాజాలు రెండు, సాయంత్రం నాలుగు. కోరిక 8. మొదటిది 7, రెండోది 3. మర్నాడు 4. ఒంటరిగా, టీవీ ముందు.

గోదావరి గట్టు మీద నడక, అరగంట. కోరిక 2. రుచి 7. మర్నాడు 7. బావగారితో.

ఫోనులో వీడియోలు, గంటన్నర. కోరిక 9. రుచి 3. మర్నాడు 1.

అరటి మొక్కలకి మట్టి ఎగదోయడం, గంట. కోరిక 1. రుచి 4. మర్నాడు 8. ఒంటరిగా.

ఇంకొకటి అదనంగా రాయాలి. రాత్రి పడుకునే ముందు "ఈరోజు లేనివి" అని ఒక వరుస: పంటి నొప్పి లేదు, అప్పుల వాళ్ల ఫోను లేదు, దోమలు లేవు, ఇంట్లో మాటా మాటా లేదు. ఇది ఎందుకో చెప్పడానికి మళ్లీ ఆ ఫ్యాను దగ్గరికే వెళ్లాలి. కరెంటొచ్చిన మొదటి ఐదు నిమిషాలు ఒక సుఖం, చెమట మీద గాలి ఆడుతుంటే ఒళ్లంతా తెలుస్తూ ఉంటుంది. తర్వాత ఫ్యాను తిరుగుతోందన్న సంగతే మరిచిపోయి నిద్రపోతాం. అది ఇంకో సుఖం. గ్రీకు తత్వవేత్త ఎపిక్యురస్ (క్రీ.పూ. 341–270) మొదటిదాన్ని కదిలే సుఖం అన్నాడు, రెండోదాన్ని నిలకడ సుఖం అన్నాడు. ఒంటికి నొప్పి లేకపోవడం, మనసుకి కలత లేకపోవడం, ఇదే సుఖానికి పై హద్దు అని ఆయన లెక్క. దాని మీద ఎన్ని కలిపినా సుఖం రకరకాలుగా మారుతుంది తప్ప పెరగదన్నాడు. ఆ చివరి మాటతో ఒప్పుకోనక్కర్లేదు. పూతరేకు తిన్న నోటికి అది ఒప్పుకోవడం కష్టం కూడా. కానీ నిలకడ సుఖానికి చప్పుడుండదు కాబట్టి, ఆ వరుస రాయకపోతే అది లెక్కలోకే రాదు. జనం అప్పు చేసి కొనే సుఖాలు ఎక్కువగా ఈ చప్పుడు లేని సుఖాన్ని అమ్మి కొన్నవే.

పధ్నాలుగో రోజు చదవడం

మధ్యలో కూడికలు, సగటులు వేయకండి. పధ్నాలుగో రోజు సాయంత్రం ఒకేసారి చదవండి. నాలుగు రకాల పద్దులు కనిపిస్తాయి.

కోరిక ఎక్కువ, రుచి తక్కువ. వీటితో మనసుని ఎదిరించి పోట్లాడితే ఓడిపోతాం. దారి పొడుగు చేయడం మేలు. కాజాల డబ్బా వంటగట్టు మీంచి తీసి అటకెక్కించండి, నిచ్చెన వేస్తే గానీ అందకూడదు. ఫోను ఛార్జరు పడగ్గదిలోంచి వసారాలోకి మార్చండి. ఈ లాగుడు సాధారణంగా కళ్లకి కనబడే గుర్తులతో లేస్తుంది, గుర్తు కనబడకపోతే చాలావరకు దానంతటదే పడుకుంటుంది.

కోరిక తక్కువ, రుచి ఎక్కువ. నిజానికి నోటు పుస్తకం వల్ల వచ్చే లాభమంతా ఇక్కడే ఉంది. గట్టు మీద నడక, రేవులో స్నానం, అరుగు మీద కబుర్లు, భజన. వెళ్లేదాకా బద్ధకం, వెళ్లాక లేవబుద్ధి కాదు. వీటిని "బుద్ధి పుట్టినప్పుడు" అని వదిలేస్తే బుద్ధి పుట్టదు, ఎందుకంటే వీటికి లాగే గుణం తక్కువ. ఏ రోజో, ఏ వేళో, తోడుగా వచ్చే మనిషెవరో ముందే ఖాయం చేసుకోవాలి. మంగళవారం ఆరింటికి బావగారు వీధిలోంచి కేకేస్తే చెప్పులేసుకోక తప్పదు కదా.

రుచి ఎక్కువ, మర్నాడు తక్కువ. మందు, అర్ధరాత్రి బిర్యానీ, ఎవరినో పడతిట్టడం. భగవద్గీత 18వ అధ్యాయం సుఖాన్ని మూడు రకాలు చేసి, మొదట అమృతంలా ఉండి చివర విషమయ్యేదాన్ని రాజసం అంది. మొదట విషంలా ఉండి తర్వాత అమృతమయ్యేది సాత్వికం, నిద్రా బద్ధకాల్లోంచి వచ్చేది తామసం. మీ పుస్తకంలో అరటి మొక్కల పద్దు సాత్వికం గడిలో పడుతుంది. రుచి తక్కువ, మర్నాడు ఎక్కువ: అదే నాలుగో రకం, దాని గురించి వేరే చెప్పక్కర్లేదు. ఈ విభజనని నీతిగా కాకుండా రుచి, మర్నాడు అనే రెండు గళ్ల మధ్య తేడాగా చదువుకుంటే చాలా పనికొస్తుంది. తేడా మూడుకి మించితే ఆ సుఖం పరిమాణాన్ని సగం చేసి ఇంకో వారం రాయండి. రోజూ ఎక్కువగా తాగే అలవాటున్నవాళ్లు మాత్రం ఈ పద్ధతిలో సొంతంగా మానేయకూడదు. ఒక్కసారిగా ఆపితే వణుకు, ఫిట్సు రావచ్చు. ముందు డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

ఒకే కూరలో మూడు బుట్టలు

ఎపిక్యురస్ కోరికల్ని మూడు బుట్టల్లో వేశాడు. సహజమూ అవసరమూ అయినవి: ఆకలి, దాహం, నిద్ర, స్నేహితుడు. సహజమే గానీ అవసరం కానివి: మంచి వంటకాలు, వైభోగాలు. సహజమూ కాదు, అవసరమూ కాదు, ఉత్త అభిప్రాయాల్లోంచి పుట్టేవి: కీర్తి, గొప్ప, పక్కవాడి కంటే ఎత్తు. మూడో బుట్టకి అడుగుండదు, ఎంత పోసినా నిండదు. ఆయన పేరు మీద ఇంగ్లీషువాళ్లు భోజన ప్రియుల్ని పిలుస్తారు గానీ, ఆయన మామూలు తిండి రొట్టే నీళ్లూ. చిన్న కుండెడు చీజ్ పంపిస్తే కావాలనుకున్నప్పుడు విందు చేసుకుంటానని స్నేహితుడికి రాశాడు.

ఈ బుట్టల్లో వస్తువుల్ని పెడితే లెక్క తప్పుతుంది. పులస రెండో బుట్ట అని రాసేసి ఊరుకుంటారు చాలామంది. బుట్టల్లో పెట్టాల్సింది కోరికల్ని. ఒక్క పులస కూరలో మూడు బుట్టల సరుకూ ఉంటుంది. ఆకలి మొదటిది. వరద రోజుల్లో సముద్రం వదిలి, ఎర్రనీటికి ఎదురీదుతూ ధవళేశ్వరం బ్యారేజీ వైపు వచ్చే ఆ చేపకుండే కొవ్వు రుచి రెండోది. "ఈ ఏడు మొదటి పులస మా ఇంట్లోనే" అని నలుగురికీ తెలియడం మూడోది. ధరలో ఏది ఎంతో విడదీయడానికి రెండు ప్రశ్నలు చాలు. ఈ చేప తిన్నట్టు ఎవరికీ చెప్పకూడదు, ఫొటో తీయకూడదు అంటే ఎంత పెడతాను? సీజన్ మొదటి వారంలో కాకుండా, ధర దిగాక తింటే రుచిలో ఎంత తగ్గుతుంది? మొదటి జవాబుకీ అడిగిన ధరకీ మధ్య తేడా అంతా మూడో బుట్టదే. ఆ తేడాకి పుస్తెలు అమ్మొద్దు.

రుచి కోసం మాత్రం మొహం వాచాల్సిన పని లేదు. ఎపిక్యురస్ కూడా ఎప్పుడూ తక్కువతోనే బతకమనలేదు. వైభోగం అవసరం లేనివాళ్లే దాన్ని అందరికంటే బాగా అనుభవిస్తారని ఆయన మాట. రోజూ మెంతికూర పప్పుతో తృప్తిగా తినే ఇంట్లో ఏడాదికోసారి పులస వండితే ఆ పూట పండగ. పులస లేకపోతే పరువు పోతుందనుకునే ఇంట్లో అదే కూర ఒక బాకీ తీర్చినట్టుంటుంది.

బెంతామ్ త్రాసు

ఖర్చు పెద్దదైతే మూడు అంకెలు చాలవు. ఇంగ్లాండులో జెరెమీ బెంతామ్ 1789లో అచ్చయిన పుస్తకంలో సుఖాన్ని ఏడు కొలతలతో తూచమన్నాడు: తీవ్రత, నిడివి, ఖాయం, ఎంత దగ్గరలో ఉంది, పిల్లలు పెట్టే గుణం అంటే మరో సుఖాన్ని కనడం, శుద్ధి అంటే వెనకాల బాధని తీసుకురాకపోవడం, ఎంతమందికి చేరుతుంది అన్న వ్యాప్తి. సుఖాన్ని అంకెల్లోకి దించడం ఆయనతో మొదలవలేదు. తైత్తిరీయోపనిషత్తు ఆనందవల్లిలో బలమూ చదువూ ఉన్న యువకుడికి భూమి నిండా సంపద ఉంటే అది ఒక మానుషానందం అని ప్రమాణం పెట్టి, అక్కడి నుంచి మెట్టు మెట్టుకీ నూరు రెట్లు కడుతూ పోతారు. ఆ మెట్ల మీద ఒక మాట పదే పదే వస్తుంది: కోరిక దెబ్బ తగలని వేదవేత్తకి కూడా అంతే ఆనందం. మన మొదటి రెండు గళ్ల గొడవ అక్కడా ఉందన్నమాట.

పులసని తూచి చూద్దాం. కిలోన్నర చేప, ధర పదిహేను వేలు అనుకోండి. తినేవాళ్లు ఎనిమిదిమంది, మనిషికి 1,875 రూపాయలు. పొయ్యి ఖర్చు వదిలేయండి.

తీవ్రత ఎక్కువ, అందులో అనుమానం లేదు. నిడివి అనుకున్నదానికంటే ఎక్కువ, ముళ్ల పుణ్యమా అని రెండు ముక్కలు తినడానికి అరగంట పైనే పడుతుంది. గబగబా తినడానికి వీల్లేని చేప కావడం దాని రుచిలో ఒక భాగం. మట్టిచట్టిలో సన్నసెగ మీద చింతపండు పులుసు, బెండకాయలతో కాగి, రాత్రంతా ఊరి, మర్నాటికి ఇంకా బాగుంటుంది కాబట్టి నిడివికి ఇంకో పూట కలపండి. ఖాయం దగ్గర జాగ్రత్త. బయటి రాష్ట్రాల నుంచి ఐసులో వచ్చిన ఇలసని (గోదావరి ఎక్కని ఇదే జాతి చేపని) పులసగా అంటగట్టడం మామూలే. నమ్మకమైన చేతి మీదుగా రాకపోతే ఈ కొలత దగ్గరే సగం మార్కులు పోతాయి. పిల్లలు పెట్టే గుణం బాగుంది, దాని కబుర్లు మళ్లీ వరద వచ్చేదాకా నడుస్తాయి. వ్యాప్తి ఎనిమిది. చేప ఎవరింటికి పంపినా ఇంకా పెరుగుతుంది.

ఇక శుద్ధి. అప్పు చేసి తెస్తే దీని అంకె మైనస్‌లోకి పోతుంది. ఇంకొకటి ఎవరూ లెక్కలో వేయరు. తెల్లారగట్ల లేచి పొలుసు తీసి, మసాలా నూరి, చట్టి దగ్గర నిలబడ్డ మనిషికి ఆఖర్న తోక ముక్కా, చల్లారిన అన్నమూ మిగులుతాయి. ఏడుగురు 9 వేసి, వండినావిడ 3 వేస్తే ఆ కూర సగటు బాగానే కనిపిస్తుంది, కానీ తూకం తప్పు. దిద్దుబాటు తేలిక: నడుం ముక్కలు రెండు ముందే తీసి వేరే గిన్నెలో పెట్టండి, వడ్డన ఇంకొకరు చేయండి.

ఈ ఏడూ కూడి ఒక అంకె తేల్చాలని చూడకండి. తీవ్రతనీ వ్యాప్తినీ కూడటం అంటే కిలోల్ని కిలోమీటర్లతో కూడటమే, బెంతామ్ లెక్కకి ఉన్న పెద్ద లోపం ఇదే. ఏడు ప్రశ్నలుగా వాడుకోండి. ఏ ఒక్కదాని జవాబు మరీ చెడ్డగా ఉన్నా ఆగి ఆలోచించండి.

సంక్రాంతి బరి దగ్గర ఈ త్రాసు స్పష్టంగా మాట్లాడుతుంది. పెద్ద పందేన్ని బెంతామ్ లోతు ఆట అన్నాడు. వెయ్యి ఉన్నవాడు ఐదువందలు సరిసమానమైన పందెం కాశాడనుకోండి. ఓడితే ఉన్నదాంట్లో సగం పోయింది. గెలిస్తే చేతికొచ్చే పదిహేను వందల్లో కొత్తది మూడో వంతే. గెలుపు సుఖం కంటే ఓటమి బాధ ఎప్పుడూ పెద్దదే అన్నమాట, పుంజు ఎంత మంచిదైనా. గెలిచినవాళ్ల సంగతీ అంత గొప్పగా ఉండదు. అమెరికాలో 1978లో అచ్చయిన ఒక పరిశీలనలో, 22 మంది లాటరీ విజేతలు మామూలు వాళ్ల కంటే చెప్పుకోదగ్గ ఆనందంగా లేరని తేలింది. పైగా రోజువారీ చిన్న చిన్న సంగతుల్లో వాళ్లకి దొరికే సుఖం తగ్గింది. పెద్ద గెలుపు ఉదయం కాఫీని చప్పబరుస్తుంది. కోడిపందెం చట్టం ప్రకారం నేరం కూడాను, అది శుద్ధి గడిలో రాసుకోండి.

ఒక్క పూతరేకు, ఆరు నిమిషాలు

ఎంత తినాలో తెలిశాక, ఎలా తినాలన్నది మిగిలింది. దీనికి ఆత్రేయపురం పూతరేకు కంటే మంచి అభ్యాసం లేదు. నూరిన బియ్యప్పిండిని పలచగా కలిపి, గుడ్డ ముంచి, బోర్లించిన వేడి కుండ మీద ఒక్క లాగు లాగితే పొర ఊడొస్తుంది. కాగితం కంటే పలచన. దాని మీద నెయ్యి, పంచదార పొడో బెల్లం పొడో చల్లి చుడతారు. నాలుగు నములుళ్లలో మింగేస్తే పంచదార తప్ప ఏమీ తెలియదు.

చేతులు పూర్తిగా ఆరనివ్వండి. తడివేలు తగిలితే రేకు అక్కడే కరిగి అంటుకుపోతుంది. డబ్బాలోంచి ఒక్కటే తీసి మూత పెట్టేయండి, వానాకాలపు గాలి తగిలితే మిగతావి మెత్తబడతాయి. డబ్బా ఇంకో గదిలో పెట్టి రండి. అంగుళం ముక్క కొరకండి. నమలొద్దు. నాలుకతో అంగిటికి నొక్కి ఉంచండి. ముందు పొర విరిగిన చప్పుడు చెవికి వినిపిస్తుంది, తర్వాత తీపి, ఆ తర్వాత నెయ్యి వాసన ముక్కు వెనకాల నుంచి వస్తుంది. చివర్న, అన్నీ పోయాక, బియ్యపు రుచి లీలగా తగులుతుంది. అది తెలిసేదాకా రెండో కొరుకు వద్దు. సగం అయ్యాక రెండు నిమిషాలు ఆగండి. చల్లటి నీళ్లు తాగకండి, నోట్లో నెయ్యి పేరుకుంటుంది. కావాలంటే గోరువెచ్చటివి ఒక గుక్క.

ఆ రెండు నిమిషాల విరామం ఊరికే పెట్టలేదు. ఒకే రుచి వరసగా తగిలితే నాలుక దానికి అలవాటుపడిపోతుంది, మధ్యలో ఆపితే ఆ అలవాటు కొంత చెదురుతుంది. మసాజ్ మధ్యలో ఆపి మళ్లీ మొదలుపెడితే జనం ఆగకుండా చేసినదాని కంటే ఎక్కువ ఇష్టపడ్డారని 2008లో నెల్సన్, మేవిస్ అనే ఇద్దరు పరిశోధకులు చూపించారు. చికాకు పనికి ఇది తిరగబడుతుంది, మధ్యలో ఆపితే మళ్లీ మొదలెట్టినప్పుడు ఇంకా చికాకు. కాబట్టి మిఠాయి ఆగి ఆగి తినండి, పద్దు పుస్తకాలూ బట్టలుతకడమూ ఒక్క ఊపున ముగించండి. చాలామంది దీనికి సరిగ్గా వ్యతిరేకంగా చేస్తారు.

చివర కూడా చూసుకోవాలి. 1993లో మనస్తత్వ శాస్త్రవేత్త డానియల్ కానెమన్ బృందం మనుషుల చేత 14 డిగ్రీల చల్లటి నీళ్లలో నిమిషం పాటు చెయ్యి పెట్టించింది. మరోసారి అదే నిమిషం తర్వాత ఇంకో అరనిమిషం, ఆ అరనిమిషంలో నీళ్లు ఒక డిగ్రీ మెల్లగా వెచ్చబడ్డాయి. మళ్లీ చేయాల్సి వస్తే ఏది ఎంచుకుంటారంటే ఎక్కువమంది రెండోదే అన్నారు. బాధ పడ్డ సమయం ఎక్కువైనా చివర కాస్త తగ్గింది కాబట్టి. జ్ఞాపకం నిడివిని పెద్దగా లెక్కపెట్టదు, శిఖరాన్నీ చివరనీ పట్టుకుంటుంది. మనవాళ్లు పెరుగన్నంలో మామిడిపండు పిసుక్కుని భోజనం ముగించడంలో ఈ తెలివి ఉంది. చుట్టాలొచ్చినప్పుడు డబ్బు విషయాలు చివర్న, బస్సెక్కే ముందు ఎత్తడంలో లేదు.

పుస్తకం మూసేయాల్సిన రోజు

పధ్నాలుగు రోజులు, ఏదైనా సగం చేసి చూస్తుంటే ఆ అదనపు వారమూ, దాటాక రాయడం ఆపేయాలి. ఇక్కడే ఎక్కువమంది బోల్తా పడతారు. లెక్క రుచించి, నెలల తరబడి రాస్తూ, "ఇప్పుడు సుఖంగా ఉన్నానా?" అని గంటగంటకీ తడిమి చూసుకుంటారు. బెంతామ్ శిష్యవర్గంలోనే పెరిగిన జాన్ స్టూవర్ట్ మిల్ 1826లో, ఇరవయ్యేళ్ల వయసులో, నేను కోరిన సంస్కరణలన్నీ ఈ క్షణాన నెరవేరితే నాకు సంతోషమేనా అని తనని తాను అడిగి, కాదనే జవాబు రావడంతో కుంగిపోయాడు. తేరుకున్నాక ఆయన పట్టుకున్నది ఇదీ: మనసు వేరే దేనిమీదో పెట్టినవాళ్లకే సుఖం దారిలో తగులుతుంది.

దీనికి కారణం అరిస్టాటిల్ దగ్గర దొరుకుతుంది. సుఖం అనేది విడిగా ఉండే సరుకు కాదు, బాగా సాగుతున్న పనికి వచ్చే నిగారింపు అన్నాడాయన, వయసులో ఉన్న మొహానికి వచ్చే కళ లాగా. కళని విడిగా తెచ్చి పూయలేం. కాబట్టి పుస్తకంలో రుచీ మర్నాడూ రెండూ 6 దాటిన పనుల్లోంచి ఒకటి ఎంచుకుని, దాన్ని ఇంకా బాగా చేయడం నేర్చుకోండి. గాలం వేయడం ఇష్టమైతే బోదెలో ఏ పోటుకి ఏ చేప కదులుతుందో, ఏ ఎర పనికొస్తుందో పట్టించుకోండి. వంటైతే ఒకే కూర వరసగా ఎనిమిది వారాలు వండి, ప్రతిసారీ ఒక్కటే మార్చండి. నైపుణ్యం పెరిగేకొద్దీ సుఖం కూడా పెరుగుతుంది. తిండిలో అలా జరగదు, పదో కాజా మొదటిదాని కంటే బాగుండదు.

ఒక్క పరీక్ష మాత్రం మిగిల్చుకోవచ్చు. అమెరికా తత్వవేత్త రాబర్ట్ నాజిక్ 1974లో ఒక యంత్రాన్ని ఊహించమన్నాడు. అందులోకి ఎక్కితే ఏ అనుభవమైనా అచ్చంగా దొరుకుతుంది, ఏదీ నిజం కాదు. హైదరాబాదులో ఉన్న మీ అమ్మాయి రోజూ రాత్రి చేసే ఫోను స్థానంలో అచ్చం ఆమె గొంతుతో యంత్రం మాట్లాడితే, మీకా తేడా ఎప్పటికీ తెలియకపోతే, ఒప్పుకుంటారా? వద్దనిపించిన చోట మీకు కావలసింది సుఖం ఒక్కటే కాదు, ఆ మనిషి. అలాంటి పద్దులకి అంకెలు వేయకండి. వేసి ఉంటే చెరిపేయండి, పెన్సిలు అందుకే.

పధ్నాలుగు రోజులూ రుచి గడిలో ఏ పనికీ రెండు దాటకపోతే, ఇంతకు ముందు ఇష్టమైనవి కూడా మట్టిలా అనిపిస్తే, లోపం పద్ధతిలో లేదు. అది డిప్రెషన్ లక్షణాల్లో ముఖ్యమైనది, డాక్టరుకి చూపించుకోవాలి. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కి ఏ వేళప్పుడైనా ఫోను చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. షుగర్ ఉన్నవాళ్లు పూతరేకు అభ్యాసాన్ని ఒక తాటిముంజెతో చేసుకోవచ్చు, లేదా వేయించిన జీడిపప్పు బద్దతో.

మళ్లీ రాయాలనిపిస్తే ఆరు నెలలు ఆగండి. సంక్రాంతి వారంలోనూ, పెళ్లిళ్ల నెలలోనూ, ఊడ్పుల రోజుల్లోనూ మొదలుపెట్టొద్దు, ఆ అంకెలు మిగతా ఏడాదికి వర్తించవు. దాళ్వా (రెండో పంట వరి) కోతలయ్యాక, మే నెల ఎండలకి ముందు ఒక రెండు వారాలు మామూలు రోజులు దొరుకుతాయి. అవి సరైనవి. పాత పుస్తకం ముందే తెరవకండి, కొత్త పధ్నాలుగు రోజులూ నిండాక రెండూ పక్కపక్కన పెట్టుకోండి. కాఫీ పక్కన ఇంకా 5 నిలబడుతుందో లేదో ముందు అది చూడండి.